రొయ్యలో కాదు, మసాలా బస్తాలో: విశాఖలో ఒక హలాల్ సర్టిఫికేషన్ కేసు

విశాఖ చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లకు ఆహార భద్రత, ఎగుమతి సర్టిఫికేషన్ పనుల్లో సలహాదారుగా ఉంటాను. హలాల్ అనగానే మన పరిశ్రమలో చాలామంది అది జంతువును కోసే పద్ధతికి సంబంధించిన విషయం అనుకుంటారు. కోతే లేని సరుకులో కూడా చిక్కులు ఎక్కడెక్కడ దాక్కుంటాయో ఈ ఒక్క ప్లాంటులో దాదాపు అన్నీ బయటపడ్డాయి. అందుకే ఈ కేసును వివరంగా రాస్తున్నాను. సంస్థను, కొనుగోలుదారులను గుర్తు పట్టే వివరాలన్నీ తీసేశాను.

నేపథ్యం

ప్లాంటు మధ్యస్థాయిది. చెరువుల్లో పెంచిన వనామీ రొయ్య కొని, తల తీసి, పొట్టు ఒలిచి, ఫ్రీజ్ చేసి పంపుతారు. ఏళ్ల తరబడి వాళ్ల సరుకులో పెద్ద వాటా అమెరికాకే వెళ్లేది. కొంత జపాన్‌కు పోయేది: సాగదీసి ట్రేలో పేర్చే నొబాషి, దాంతోపాటు అక్కడి కొనుగోలుదారు రెసిపీ ప్రకారం మసాలా పట్టించిన ఇంకో రకం. 2025 ఆగస్టు చివరికి అమెరికా మన సరుకు మీద వేసిన అదనపు సుంకం 50 శాతానికి చేరింది. అప్పుడు ఆంధ్రా ఎగుమతిదారులందరూ కొత్త మార్కెట్ల వెంట పడ్డారు, ఈ యజమాని కూడా. మలేషియా నుంచి ఒక పార్టీ దొరికింది. వాళ్లకు కావాల్సింది బ్యాటర్‌లో, అంటే పిండి జారులో ముంచి, బ్రెడ్ క్రంబ్స్ అద్ది, కాస్త వేయించి ఫ్రీజ్ చేసిన రొయ్య. ప్లాంటులో బ్యాటర్, క్రంబ్స్ పని చేయగల లైను ఒక్కటే ఉంది.

వచ్చిన సమస్య

నన్ను పిలిచేసరికే వాళ్ల దగ్గర ఒక హలాల్ సర్టిఫికెట్ ఉంది. త్వరగా వస్తుందని, ఫీజు తక్కువని ఒక సంస్థ దగ్గర తీసుకున్నారు. దాన్ని జత చేసి శాంపిల్ పంపితే మలేషియా పార్టీ ఒప్పుకోలేదు. ఇచ్చిన సంస్థ మలేషియా ప్రభుత్వ హలాల్ విభాగం జాకిమ్ గుర్తింపు జాబితాలో లేదు.

ఇది చాలా మామూలుగా జరిగే పొరపాటు. ప్రపంచమంతటా చెల్లే హలాల్ ముద్ర అంటూ ఒకటి లేదు. మలేషియాకు జాకిమ్, ఇండోనేషియాకు బీపీజేపీహెచ్, సింగపూర్‌కు ముయిస్ ఉన్నాయి. విదేశీ సంస్థల్లో ఎవరి సర్టిఫికెట్లు ఒప్పుకోవాలో ఎవరి జాబితా వాళ్లు పెట్టుకుంటారు. మన దగ్గర సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ ఆ దేశం జాబితాలో ఉందా, ఉంటే ఆ గుర్తింపు ఇప్పటికీ అమల్లో ఉందా అన్నది ఫీజు కట్టే ముందే చూసుకోవాలి. దీనికి తోడు ఇంకో గందరగోళం. మన విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ (డీజీఎఫ్‌టీ) 2023లో ఇచ్చిన హలాల్ మార్గదర్శకాలు విని, రొయ్యకు కూడా క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (క్యూసీఐ) వాళ్ల ఐ-క్యాస్ అనే హలాల్ పథకం కింద సర్టిఫికెట్ తప్పనిసరి అని ఎవరో చెప్పారట. ఆ నిబంధన మాంసానికి, మాంసం ఉత్పత్తులకు వర్తించేది. రొయ్యకు దాంతో పని లేదు.

మొదటి మీటింగులో యజమాని గారు సూటిగానే అడిగారు. "మనది రొయ్య కదండీ. కోత లేదు, రక్తం లేదు. ఇందులోకి పంది ఎక్కడి నుంచి వస్తుందండీ?"

అడగాల్సిన ప్రశ్నే. సముద్రపు వేట, దాని ఆహారం మీకు ధర్మసమ్మతం అని ఖురాన్ ఐదో అధ్యాయం 96వ వాక్యం చెబుతుంది. మలేషియాలో పాటించే షాఫీ సంప్రదాయంలో రొయ్య మీద చర్చే లేదు. మన వైపు ముస్లింలు ఎక్కువగా పాటించే హనఫీ సంప్రదాయంలో రొయ్య చేప కిందికి వస్తుందా రాదా అన్న పాత చర్చ ఉంది గానీ, చాలామంది పండితులు తినవచ్చనే అంటారు. కాబట్టి రొయ్యతో పేచీ లేదు. కానీ ఈ పార్టీ కొంటున్న ప్యాకెట్టులో రొయ్య ఒక్కటే లేదు. పిండి ఉంది, క్రంబ్స్ ఉన్నాయి, ఫ్లేవర్ ఉంది, నూనె ఉంది. అవి ఎక్కడి నుంచి వచ్చాయి, ఆ యంత్రం మీద అంతకు ముందు ఏం నడిచింది అన్నవే హలాల్ ఆడిటర్ అడిగే ప్రశ్నలు. మలేషియా పార్టీ సరుకు వెళ్లేది ఒక రెస్టారెంట్ గొలుసుకు. ఆ రెస్టారెంట్లకు సొంత హలాల్ సర్టిఫికెట్ ఉంది. మన క్రంబ్స్‌లో తేడా వస్తే పోయేది వాళ్ల సర్టిఫికెట్.

వెంటనే గుర్తింపు ఉన్న సంస్థకు దరఖాస్తు పెట్టేద్దాం అన్నది యజమాని ఆలోచన. నేను ఆపమన్నాను. ఒకసారి తిరస్కరించిన పార్టీ రెండోసారి కూడా లోపం కనిపిస్తే ఇంకో ఎగుమతిదారు వైపు వెళ్లిపోతుంది. మలేషియా హలాల్ ప్రమాణం ఎంఎస్ 1500:2019 చేతిలో పెట్టుకుని మనమే ముందు ప్లాంటంతా చూసుకుందాం, ఆ తర్వాతే దరఖాస్తు అన్నాను.

మొదట చేసినవి, పని చేయనివి

ముడిసరుకు జాబితా తీసుకుని ప్రతి సప్లయర్ నుంచి ఉత్తరాలు తెప్పించారు. క్యూఏ (నాణ్యత) చూసే అమ్మాయి పద్ధతి తెలిసిన మనిషి, ఫైలు నీటుగా కట్టింది. కానీ ఉత్తరాలు చదివితే అన్నీ ఒకే తీరు: "మా ఉత్పత్తి పూర్తిగా శాకాహారం, ఇందులో జంతు సంబంధిత పదార్థాలు లేవు." తేదీ లేదు, బ్యాచ్ లేదు, ప్రొడక్టు కోడ్ లేదు. అమ్మేవాడు తన సరుకు గురించి తనే చెప్పుకున్న మాట అది.

క్రంబ్స్‌నే ఉదాహరణగా తీసుకుంటాను, ఎందుకంటే ఎక్కువ సమయం దీనికే పట్టింది. క్రంబ్స్ అంటే ముందు బ్రెడ్ చేసి, ఎండబెట్టి, పొడి చేసినవి. ఆ బ్రెడ్ పిండిలో ఇంప్రూవర్ అనే పొడి కలుపుతారు. ఇంప్రూవర్‌లో సాధారణంగా నూనె, నీరు విడిపోకుండా కలిపి ఉంచే ఎమల్సిఫయర్ ఉంటుంది, ఆహార సంకలితాల నంబర్లలో ఐఎన్‌ఎస్ 471. అది పామ్ నూనె నుంచీ చేయవచ్చు, జంతువుల కొవ్వు నుంచీ చేయవచ్చు. కొన్ని ఇంప్రూవర్లలో పిండి మెత్తగా సాగడానికి ఎల్-సిస్టీన్, ఐఎన్‌ఎస్ 920, వాడతారు. అది ఫెర్మెంటేషన్ ద్వారా తయారు కావచ్చు, బాతు ఈకల నుంచి కావచ్చు, వెంట్రుకల నుంచి కూడా కావచ్చు. క్రంబ్స్ కంపెనీకి ఇంప్రూవర్‌లో ఏముందో తెలియదు. ఇంప్రూవర్ కంపెనీ "వెజిటబుల్ ఆరిజిన్" అని ఒక్క మాట రాసి ఊరుకుంది. ఎమల్సిఫయర్ తయారు చేసిన వాళ్ల హలాల్ సర్టిఫికెట్ కాపీ చివరికి దొరికింది. కానీ దాని మీద ఉన్న గ్రేడు ఒకటి, బస్తా మీద ఉన్న గ్రేడు ఇంకొకటి.

"పచ్చ చుక్క ఉంది కదా సార్, ఇంకా ఎందుకు?" అని ప్రొడక్షన్ మేనేజర్ అడిగారు. పచ్చ చుక్క జంతువు సంగతే చెబుతుంది, మద్యం సంగతి చెప్పదు. వైను కూడా శాకాహారమే. ఈ ప్లాంటులో వెల్లుల్లి ఘాటు కోసం వాడే లిక్విడ్ ఫ్లేవర్‌కు పచ్చ చుక్క ఉంది, లోపల ద్రావకంగా ఇథనాల్, అంటే ఆల్కహాల్, ఉంది. ఆ ఇథనాల్ ఏ పరిశ్రమ నుంచి వచ్చింది, తుది సరుకులో ఎంత మిగులుతుంది అని లెక్కలు తీయవచ్చు. నేను ఆ దారిన పోలేదు. అదే రుచి పొడి రూపంలో, హలాల్ సర్టిఫికెట్‌తో దొరుకుతున్నప్పుడు ఒక పదార్థాన్ని సమర్థించుకోవడానికి ఫైలు నింపడం అనవసరం. మార్చేశాం.

ఇక టెస్టుల సంగతి. ఉత్తరాలతో పని కావడం లేదని విసిగిపోయి, తయారైన సరుకును ల్యాబ్‌కు పంపి పంది డీఎన్‌ఏ టెస్టు చేయిద్దాం అన్నారు యజమాని. పీసీఆర్ రిపోర్టు నెగటివ్ అని వస్తే ఎవరూ ప్రశ్నించలేరని ఆయన నమ్మకం. చేయించారు, నెగటివ్ వచ్చింది. చాలా సంతోషపడ్డారు.

ఆ రిపోర్టును ముఖ్యమైన రుజువుగా ఫైల్లో పెట్టడానికి నేను ఒప్పుకోలేదు. పీసీఆర్ వెతికేది డీఎన్‌ఏను. కొవ్వును శుద్ధి చేసి, విడగొట్టి, ఎమల్సిఫయర్‌గా మార్చేటప్పటికి అందులో పట్టుకోదగ్గ డీఎన్‌ఏ మిగలకపోవచ్చు. పామ్ నుంచి వచ్చిన 471ను, పంది కొవ్వు నుంచి వచ్చిన 471ను ఆ టెస్టు నమ్మకంగా వేరు చేయలేదు. పైగా ఆ రిపోర్టు చెప్పేది ల్యాబ్‌కు చేరిన శాంపిల్ గురించే. రేపటి బ్యాచ్ గురించి, నిన్న అదే మిక్సర్‌లో కలిపిన దాని గురించి అది ఏమీ చెప్పదు. మూలం తెలిసి, కాగితాల గొలుసు తెగకుండా ఉంటే టెస్టు దానికి తోడు సాక్ష్యం అవుతుంది. మూలం తెలియని చోట టెస్టు ఒక్కటే ఉంటే ఆడిటర్ పట్టించుకోడు, పట్టించుకోకపోవడమే సరి.

డ్రై స్టోర్‌లో దొరికింది

ముడిసరుకు జాబితా కంప్యూటర్‌లో ఎంత బాగున్నా, స్టోర్‌లో ప్రతి ప్యాలెట్ దగ్గర నిలబడి లేబుల్ చదవాలన్నది నేను ఎప్పుడూ పాటించే పద్ధతి. ఈ ప్లాంటు డ్రై స్టోర్‌లో ఒక మూల ప్యాలెట్ మీద జపాన్ పార్టీ పంపిన మసాలా బస్తాలు ఉన్నాయి. మలేషియా సరుకులో దాన్ని వాడరు కాబట్టి జాబితాలో లేదు. బస్తా మీద ఉన్నదంతా జపనీస్. ప్లాంటులో ఆ భాష ఎవరికీ రాదు. వాళ్ల దగ్గరున్న స్పెక్ షీటులో మాత్రం ఉప్పు, చక్కెర, సోయాసాస్ పొడి, ఎక్స్‌ట్రాక్ట్ పొడి అని ఉంది. దేని ఎక్స్‌ట్రాక్టో లేదు.

క్యూఏ అమ్మాయి ఫోన్ కెమెరాను లేబుల్ మీద పెట్టి అనువాదం చూసింది. జపాన్‌లో అలర్జీ కలిగించే పదార్థాలను లేబుల్ మీద చెప్పే పద్ధతిలో ఒక విశేషం ఉంది: తప్పనిసరి జాబితా కాక, చూపించడం మంచిదని సూచించిన పదార్థాల జాబితా ఇంకొకటి ఉంటుంది. అందులో పంది మాంసం కూడా ఉంది. బస్తా అడుగున చిన్న అక్షరాల వరుసలో గోధుమ, సోయా, వాటి పక్కనే పంది అని స్క్రీన్ మీద కనిపించింది. ఆ అమ్మాయి ఫోన్ పక్కకు తీసి మళ్లీ పెట్టింది. మళ్లీ అదే వచ్చింది. తర్వాత పార్టీని అడిగితే పోర్క్ ఎక్స్‌ట్రాక్ట్ ఉన్న మాట నిజమేనని మెయిల్ వచ్చింది.

ప్లాంటు అలర్జెన్ చార్టులో గోధుమ, సోయా, గుడ్డు, పాలు, చేప అన్నీ ఉన్నాయి. పంది లేదు, ఎందుకంటే ఆ చార్టు అమెరికా అవసరాలకు తయారు చేసుకున్నది. ఎవరూ ఏదీ దాచలేదు. అడగాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు, అంతే. కానీ ఆ మసాలా కలిపింది ఆ ఒక్క లైను మీదే: అదే టంబ్లర్ (మసాలా పట్టించే తిరిగే డ్రమ్ము), అదే మిక్సర్. పీసీఆర్‌కు పంపిన శాంపిల్ కూడా ఆ లైను మీద, మామూలు క్లీనింగ్ తర్వాత చేసినదే.

ఏం చేయాలన్న నిర్ణయం

ఆ సాయంత్రం యజమాని గది తలుపు వేసి మాట్లాడుకున్నాం. ప్రొడక్షన్ మేనేజర్ మొదటి మాట: "బస్తాలు పంపించేద్దాం, లైను గట్టిగా కడిగేద్దాం. ఆడిటర్‌కి చెప్పడం ఎందుకండీ?" భయంలో అలా అనడం సహజమే. నేను రెండు మాటలు చెప్పాను. ఒకటి, బ్యాచ్ రికార్డుల్లో ఆ మసాలా కోడ్ ఉంది, ఎగుమతి రికార్డులు చెరపకూడదు, ఆడిటర్ చూసేవి అవే. రెండోది, నాకు ముఖ్యమైనది ఇది: అవతల తినే మనిషికి ఇది నమ్మకానికి సంబంధించిన విషయం. అతను మన ప్లాంటుకు వచ్చి చూడలేడు, ముద్ర చూసి నోట్లో పెట్టుకుంటాడు. ఆ ముద్ర కింద తెలిసి తెలిసి ఒక అబద్ధం పెట్టే పనిలో నేను ఉండను. యజమాని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "చెప్పేద్దాం" అన్నారు. ఈ కేసు నిలబడింది ఆ మాటతోనే.

ముందు కొన్ని రోజులు మలేషియాకు, తర్వాత కొన్ని రోజులు జపాన్‌కు అని వంతులు వేసుకోవచ్చా అని చూశాం. ఎంఎస్ 1500 దానికి ఒప్పుకోదు. పంది, కుక్క, వాటి నుంచి వచ్చినవి తీవ్రమైన నజిస్, అంటే అత్యంత అపవిత్రం కిందికి వస్తాయి. అలాంటిది తగిలిన లైనును మతపరమైన శుద్ధి చేసి హలాల్ లైనుగా మార్చవచ్చు, కానీ మార్చాక అది హలాల్‌కే ఉండాలి. అటూ ఇటూ మారుస్తూ పోవడానికి వీల్లేదు. ఆ మసాలాను అదే ప్లాంటులో ఇంకో గదిలోకి మార్చడం కూడా పరిష్కారం కాదు. స్టోర్, కాటా, ఫోర్క్‌లిఫ్ట్, మనుషులు, కడిగే నీళ్ల తొట్టి అన్నీ ఉమ్మడివే.

అందుకని జపాన్ పార్టీని పంది లేని రెసిపీ ఇవ్వగలరా అని అడిగాం. అది మారినా ఇంకో చిక్కు ఉంది: అదే రెసిపీలో మిరిన్ కూడా ఉంది, అంటే జపాన్ వంటల్లో వాడే తీపి బియ్యపు మద్యం. అసలు మిరిన్‌లో ఆల్కహాల్ 14 శాతం దాకా ఉంటుంది. రెండూ తీసేస్తే ఆ రుచి రాదని వాళ్లు చెప్పారు, అందులో న్యాయం ఉంది. చివరికి ఆ ఒక్క ఉత్పత్తిని వేరే ఊళ్లో ఉన్న ఇంకో ప్లాంటుకు జాబ్ వర్క్‌గా ఇచ్చేశారు. మసాలా లేని నొబాషి ఇక్కడే ఉంచుకున్నారు. మార్జిన్ తగ్గింది, యజమానికి అది కష్టమే అయింది. అయినా రెండు మార్కెట్లూ నిలిచాయి.

మట్టితో శుద్ధి

మలేషియా వాళ్లు దీన్ని సెర్తు అంటారు. ఏడు కడుగులు, అందులో ఒకటి శుభ్రమైన మట్టి కలిపిన నీళ్లతో. లెక్క మొదలయ్యేది కంటికి కనిపించే మురికి, వాసన, జిడ్డు అంతా పోయాకే. గుర్తింపు ఉన్న సర్టిఫికేషన్ సంస్థకు జరిగిందంతా రాసి పంపాం. వాళ్ల తరఫున ఒక ఆలిమ్ (ఇస్లాం ధర్మ పండితుడు) వచ్చి దగ్గరుండి చేయించారు.

ఇక్కడ రెండు నియమాలకు పొంతన కుదర్చాల్సి వచ్చింది. తినేందుకు సిద్ధం చేసే ఆహార యంత్రం మీద మట్టి పోయడం అంటే ఏ క్యూఏకైనా టెన్షనే. మట్టిలో క్లాస్ట్రిడియం అనే బ్యాక్టీరియా స్పోర్లు ఉంటాయి, రేణువులు బేరింగుల్లోకి పోతాయి. మట్టి శుభ్రంగా ఉండాలన్నది అటు మత నియమం కూడా. ఆ మాట పట్టుకుని ఆలిమ్ గారితో మాట్లాడాం. మెత్తగా జల్లించిన తెల్ల బంకమట్టిని ఆవిరి పీడనంతో క్రిములను చంపే ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర ఉంచి వాడతామంటే ఆయన ఒప్పుకున్నారు. నీరు కాస్త మసకబారేంత మట్టి చాలని, బురదలా ఉండనక్కర్లేదని ఆయనే చెప్పారు. దాంతో మా భయం సగం తీరింది.

టంబ్లర్‌ను పూర్తిగా విప్పించాం. స్టీలు భాగాలు కడిగితే శుద్ధి అవుతాయి. రబ్బరు గాస్కెట్లు, గీతలు పడిన ప్లాస్టిక్ ట్రేలు, అల్లిక బెల్టు మాత్రం కడగడం మీద నాకు నమ్మకం లేదు, వాటి సందుల్లో జిడ్డు ఇంకిపోయి ఉంటుంది. అవన్నీ కొత్తవి వేయించాం. ఫ్రయర్ నూనె పారబోశారు. ట్రయల్ కిచెన్‌లో ట్రేలకు నూనె రాసే బ్రష్ ఒకటి దొరికితే ఒక వెంట్రుక లాగి అగ్గిపుల్ల పెట్టి చూశాం. నైలాన్ అయితే కరిగి ముద్ద అవుతుంది. ఇది చురుక్కున మండి, జుట్టు కాలిన వాసన వచ్చింది. బజారులో దొరికే ఇలాంటి బ్రష్షుల్లో పంది వెంట్రుకలు వాడటం మామూలే. ఆ బ్రష్షులన్నీ తీసేసి సిలికాన్‌వి పెట్టారు.

కడగడానికి వచ్చిన ఆడవాళ్లు మొదట మట్టి చూసి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్లలో పెద్దావిడ ఒకామె, "ఏటమ్మా అంత ఇదయిపోతారు, మా అమ్మ అంట్లు మట్టితోనే తోమీది" అంది. తర్వాత ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు. ప్రతి కడుగూ టైముతో సహా రికార్డు చేశాం, ఆలిమ్ గారు సంతకం పెట్టారు. ఆ తర్వాత మామూలు శానిటేషన్ చేసి, స్వాబ్‌లు తీసి, ఫలితాలు వచ్చాకే లైను తెరిచాం.

గేటు దగ్గర వాచ్‌మన్ అన్నం పెట్టే కుక్క ఒకటి రొయ్యల బండ్లు దింపే చోటికి వస్తుండేది. ఆహార భద్రత ప్రకారమే అది లోపల ఉండకూడదు. కంచె బిగించి, దానికి తిండి పెట్టే చోటు బయటికి మార్చారు.

ఆడిట్, ఆ తర్వాత

క్రంబ్స్ విషయంలో కాగితాల వెంట పరుగు ఆపేశాం. ఇంప్రూవర్ మార్చగల ఇంకో క్రంబ్స్ తయారీదారును వెతికి, గ్రేడు, బ్యాచ్ సరిపోయే హలాల్ సర్టిఫికెట్ ఉన్న ఇంప్రూవరే వాడాలని కొనుగోలు ఒప్పందంలో రాయించాం. ఇప్పుడు సరుకు వచ్చినప్పుడు స్టోర్ కీపర్ చూసేవి మూడు: బస్తా మీది కోడ్, సర్టిఫికెట్ మీది కోడ్, సర్టిఫికెట్ గడువు. ఒక్కటి కలవకపోయినా బస్తా దించుకోడు. ఈ అధికారం అతనికి రాతపూర్వకంగా ఇప్పించడానికి నేను గట్టిగా పట్టుబట్టాను. ఎందుకంటే బండి గేటు దగ్గర ఆగి ఉన్నప్పుడు "ఈసారికి దించేయ్" అనే ఒత్తిడి వచ్చేది పైనుంచే.

ప్లాంటులో ఒక చిన్న హలాల్ కమిటీ పెట్టారు. అందులో చాలా ఏళ్లుగా గ్రేడింగ్ దగ్గర పనిచేస్తున్న ఒక ముస్లిం సూపర్‌వైజర్ ఉన్నారు. అన్నాళ్లలో ఆయన్ను ఈ విషయంలో ఎవరూ ఒక మాట అడగలేదు. ఆడిట్ రోజు లైను గురించి ఎక్కువ జవాబులు చెప్పింది ఆయనే. కొత్త రెసిపీ ఏది వచ్చినా, ఏ దేశానిదైనా, ముందు కమిటీ చూడాలి. లేబుల్ వేరే భాషలో ఉంటే అనువాదం, దాంతో పాటు ప్రతి ఎక్స్‌ట్రాక్టుకు మూలం రాసి ఉంటేనే స్టోర్‌లోకి వస్తుంది.

సర్టిఫికెట్ వచ్చింది, చిన్న సవరణలు మాత్రమే అడిగారు. సెర్తు రికార్డును ఆడిటర్ పూర్తిగా చదివారు. మలేషియా పార్టీకి జరిగిందంతా మేమే ముందు చెప్పాం కాబట్టి వాళ్ల నుంచి కొత్త ప్రశ్నలు రాలేదు. సరుకు విశాఖ పోర్టు నుంచి వెళ్తోంది.

యజమానికి ఇంకో భయం ఉండేది: ఈ ముద్ర వల్ల ఇక్కడ ఏదైనా గొడవ అవుతుందేమోనని. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 2023 నవంబరులో హలాల్ ముద్ర ఉన్న సరుకు అమ్మకాన్ని నిషేధించిన వార్త ఆయన చదివారు. ఆ ఉత్తర్వు ఆ రాష్ట్రానికే, ఎగుమతి సరుకుకు అందులో మినహాయింపు ఉంది. మన దగ్గర ముద్ర మలేషియా కార్టన్ల మీద మాత్రమే వేస్తున్నారు.

ఇప్పుడు ఇండోనేషియా నుంచి కూడా అడుగుతున్నారు. అక్కడ 2014 నాటి 33వ చట్టం ప్రకారం హలాల్ తప్పనిసరి అవుతోంది, దిగుమతి ఆహారానికి గడువు 2026 అక్టోబరు. మలేషియా కోసం తీసుకున్న సర్టిఫికెట్ దానంతట అదే అక్కడ చెల్లదు. అందుకే మళ్లీ జాబితా దగ్గర నుంచే మొదలుపెట్టాం: బీపీజేపీహెచ్ గుర్తించిన సంస్థ ఏది, మా ఇంప్రూవర్ కంపెనీకి సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ కూడా ఆ జాబితాలో ఉందా లేదా. ఉత్తరం రాశాం, జవాబు రావాలి.